ఇద్దరు మనుషుల గాలి

కులాస్ పడవ మీద తమావో దయ్యం కూర్చుందని పక్కింటి బాసింగ్ చెప్పిందట. బాసింగ్‌కి ఆ సంగతి ఎండుచేపలు అమ్మే తన చెల్లెలు చెప్పిందట. చెల్లెలు మాత్రం తన రెండు కళ్ళతోనే చూసిందట, కావాలంటే ఒట్టు వేస్తానందట. నిన్నటి పందెంలో పడవలన్నీ ఇద్దరేసి మనుషుల్ని పక్కకి చాచిన రెక్క మీద నిలబెట్టుకుని పోతుంటే, కులాస్ పడవ ఒక్కణ్ణే నిలబెట్టుకుని, నీళ్ళ మీద గీత గీసినట్టు తిన్నగా పోయిందట. రెండోవాడి చోట కంటికి కనపడనిదేదో కూర్చుంటే తప్ప అలా ఎలా పోతుంది? పైగా తిరుగుదారిలో ఆ దయ్యం చిన్నవాణ్ణి రెక్క అంచు దాకా తరిమిందట. వాడు తాడు పట్టుకుని గబ్బిలంలా బయటికి వేలాడుతూ వచ్చాడట.

మానాంగ్ టెలే ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పి, కొంగు లేదు గనక మెడలోని తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంది. ఆమె వచ్చింది దయ్యం కోసం కాదు, కొడుకు కోసం. దయ్యం సంగతి దారిలో తగిలింది గనక మోసుకొచ్చింది.

"ఇవాళ నాలుగింటికి పెళ్ళి మామ్. అయిదింటి పడవకి ఫాదర్ వెళ్ళిపోతాడు, మళ్ళీ నెల దాకా రాడు. పంది పొయ్యి మీద తిరుగుతోంది. పెళ్ళికొడుకు లాకప్పులో ఉన్నాడు. నేనేం చెయ్యను?"

రెమెడియోస్ సుమగాయ్‌సాయ్ చేపముల్లు పళ్ళెం అంచున పెట్టి గడియారం చూసింది. పదకొండూ పది. ఇంజినీరింగ్ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు స్టాటిక్స్ చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. కదలని వస్తువుల మీద ఏ బలం ఎక్కడ పనిచేస్తుందో లెక్కగట్టడం ఒకప్పటి ఉద్యోగం. పోయిన వస్తువుల మీద ఎవరి చెయ్యి పడిందో లెక్కగట్టడం ఇప్పటి కాలక్షేపం. పుంటా బులాక్‌లో పెద్దా చిన్నా అందరికీ ఆవిడ మేడమ్, వాళ్ళ నోట 'మామ్'.

"ప్రార్థనాలయం గంట పోయింది నిన్న. నువ్వొచ్చింది ఇవాళ," అంది రెమెడియోస్.

"సాయంత్రానికి వదిలేస్తారనుకున్నాను. రాత్రికి వదిలేస్తారనుకున్నాను. పొద్దున కాఫీ పట్టుకెళ్తే, ఇంకో కప్పు ఉందా అని అడిగాడు ఆ కతల్బాస్."

రెమెడియోస్ చెయ్యి కడుక్కుని లేచింది. గడప దగ్గర ఆగింది. "ఆ గబ్బిలం మాట ఇంకోసారి చెప్పు. వేలాడింది పోతున్నప్పుడా, వస్తున్నప్పుడా?"

"వస్తున్నప్పుడే. బాసింగ్ గట్టిగా చెప్పింది."

"మంచిది. పంది మాడకుండా చూసుకో."

*

పోలీసు ఠాణా అంటే ఒక గది, ఒక లాకప్పు, ఒక ఫ్యాను. ఫ్యాను కింద రూయెల్ కతల్బాస్ కూర్చుని ఉన్నాడు. ఊరికి హెపే, అంటే పోలీసు పెద్ద, అతనే. పాతికేళ్ళ కిందట రెమెడియోస్ దగ్గర స్టాటిక్స్ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పకుండా పోలీసుల్లో చేరిపోయాడు. ఆవిణ్ణి చూడగానే కుర్చీలోంచి లేచాడు, లేచినందుకు తన మీద తనకే కోపం వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"రండి మామ్. కేసు అయిపోయింది. మీకు శ్రమ లేదు."

"అయిపోయిన కేసులో గంటేది?"

"అది దొరుకుతుంది. దొంగ దొరికాడు కదా. చూడండి, ప్రార్థనాలయం పక్కన చెక్కచట్రానికి గంట. దానికి గొలుసు, గొలుసుకి తాళం. ఉదయం ఆరింటికి మానాంగ్ టెలే కొడుకు ఫెల్మార్ గంట కొట్టాడు, ఊరంతా విన్నది. మధ్యాహ్నం పన్నెండింటికి కొట్టబోతే గంట లేదు. తాళం పగల్లేదు, తీశారు. తాళంచెవి ఒక్కటే, అది ఫెల్మార్ ఇంట్లో ఉంది. రెండూ రెండూ నాలుగు."

"నీ చేతిలో రెండూ రెండూ నాలుగెప్పుడయ్యాయి రూయెల్? నీ పేపర్లు దిద్దినదాన్ని నేను."

బల్ల దగ్గరి పోలీసు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. కతల్బాస్ అతన్ని బయట కోళ్ళను తోలమన్నాడు. బయట కోళ్ళు లేవు.

"గంట బరువెంత?"

"అరవై కిలోలు. పోతపోసిన వాడు అంచు మీదే వేశాడు. ఫిర్యాదులో రాశాను." ఆ ఒక్కటీ సరిగ్గా రాశానన్నట్టు కాగితం ముందుకు తోశాడు.

"వెతికావా?"

"ప్రతి ఇల్లూ, ప్రతి ట్రైసికిలూ, చివరికి పందిపొట్ట కూడా. ఊరు దాటి ఒక్క బండి పోలేదు."

"పడవలో?"

"పడవలన్నీ పందెంలో ఉన్నాయి కదా. తొమ్మిదింటికి పోయి పదిన్నరకల్లా వచ్చేశాయి. అన్నిట్లోకీ తొంగిచూశాను. ఏమీ లేదు."

ఊచల వెనక ఫెల్మార్ గుంబాన్ బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. పాతికేళ్ళవాడు. ఓడల మీద పనిచేస్తాడు. ఒడ్డున ఉన్న నెలల్లో తండ్రికి బదులు గంట కొడతాడు. దొంగతనం మోపారన్న దిగులుకన్నా, నిన్నటినుంచి గడ్డం గీసుకోలేదన్న దిగులు ఎక్కువగా కనిపించింది వాడిలో.

"తోతో, బాబూ, తాళంచెవి ఎక్కడ పెడతావు?"

"నీళ్ళకుండ పక్కన మేకుకి మామ్."

"నిన్న పొద్దున మీ ఇంటికి ఎవరెవరు వచ్చారు?"

"ఎవరు రాలేదో అడగండి. పెళ్ళివారిల్లు కదా."

"నువ్వెక్కడున్నావు?"

"పంది కాల్చడానికి గొయ్యి తవ్వుతున్నాను. ఒక్కణ్ణే. అంతా పందేనికి పోయారు." వాడు లేచి ఊచల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మామ్, నా ఫోను ఇప్పించండి చాలు. ఓడపని ఇప్పించే ఏజెన్సీ వాళ్ళు నిన్నో ఇవాళో పిలుస్తామన్నారు. ఓడలో ఒక చోటు ఖాళీ అయిందట."

"ఇవాళ పెళ్ళి పెట్టుకుని ఓడేమిట్రా?"

"పోయినేడూ అంతే మామ్. పెళ్ళి రేపనగా పిలిచారు. అంతకుముందు ఏడు, పెళ్ళి రోజు పొద్దున పిలిచారు. పిలిచినప్పుడు పోకపోతే పేరు అడుక్కి పోతుంది. ఓడ ఆగదు కదా."

"మరి పెళ్ళికూతురు, జోవెలిన్ ఏమంది?"

"మొదటిసారి ఏడ్చింది. రెండోసారి ఏమీ అనలేదు." వాడు అది మంచి సంగతిలా చెప్పాడు.

కతల్బాస్ సొరుగు తెరిచి ఫోను చూపించాడు. "నిన్నటినుంచి పదకొండుసార్లు మోగింది. సాక్ష్యం కదా, ఎత్తలేదు."

రెమెడియోస్ ఆ ఫోను వంకా, ఊచల వెనక కుర్రవాడి వంకా చూసి, గొడుగు తీసుకుంది. "నేను ఒడ్డుకి పోతున్నాను. నువ్వూ రా రూయెల్. నీ ఫిర్యాదు కాగితం కూడా పట్టుకురా."

"ఎందుకు?"

"ఒక దయ్యాన్ని తూకం వెయ్యాలి."

*

ఒడ్డు మీద పందెపు పడవలు ఏడూ వరసగా ఇసకలోకి లాగి ఉన్నాయి. ఏడింటినీ కట్టిన వడ్రంగి ఒక్కడే, కొలతలు ఒక్కటే, తెరచాప గుడ్డ ఒక్కటే. పందెం షరతు అది. పడవకు రెండు పక్కలా చేతులు చాచినట్టు అడ్డవాసాలు, వాటి చివర నీళ్ళ మీద తేలే వెదురుబొంగు. దాన్ని అక్కడివాళ్ళు రెక్క అంటారు. గాలి తెరచాపను ఒక పక్కకి తోస్తే, మనుషులు రెండో పక్క రెక్క మీదికి నడిచిపోయి నిలబడి పడవను నిలబెడతారు. అందుకే పుంటా బులాక్‌లో గాలిని మనుషుల్లో కొలుస్తారు. ఒంటి మనిషి గాలి, ఇద్దరు మనుషుల గాలి, ముగ్గురు మనుషుల గాలి. నిన్న వీచింది ఇద్దరు మనుషుల గాలి. అందులో ఊళ్ళో ఎవరికీ పేచీ లేదు.

కులాస్ పల్మారెస్ తన పడవ నీడలో కూర్చుని తాడు పేనుతున్నాడు. అరవై దాటినవాడు, ఊళ్ళో అందరికీ మానోంగ్, అంటే పెద్దన్న. జోవెలిన్‌కి పెదతండ్రి, పెంచినవాడు. కాస్త అవతల ఆయన కొడుకులు ఓటోయ్, బెర్తో పెళ్ళివంటకి ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్నారు.

"మానోంగ్ కులాస్, నిన్న ఎన్నో స్థానం?"

"నాలుగు." అంకె పంటికింద రాయిలా పలికాడు.

"ఆరేళ్ళుగా మొదటి స్థానం మీదేగా?"

"ప్రతిసారీ నేనే గెలిస్తే మిగతావాళ్ళకి పందెం మీద మనసు విరుగుతుంది మామ్."

"అబ్బ, ఎంత దయ," అన్నాడు కతల్బాస్.

"ఎన్నింటికి బయల్దేరారు?"

"తొమ్మిదింటికి. మలుపు గుర్తుగా వేసిన ఎర్ర తెప్ప చుట్టూ తిరిగింది తొమ్మిదీ నలభైకి. ఒడ్డుకి చేరింది పదీ ఇరవై అయిదుకి."

"పడవలో ఎవరెవరు?"

"చుక్కాని నేను. ఓటోయ్, బెర్తో. పందెం కాగితంలో రాసే ఉంది."

"రెక్క మీద నిలబడ్డదెవరు?"

తాడు పేనే వేళ్ళు ఒక్క మెలిక తప్పాయి. "ఇద్దరూ. ఒకడి తరవాత ఒకడు."

రెమెడియోస్ చెప్పులు విడిచి పడవ ఎక్కింది. పోయేటప్పుడు గాలి ఎడమ నుంచి. ఎడమ రెక్క చూడాలి. సంచిలోంచి దర్జీటేపు తీసి, పడవ నడిమి గీత దగ్గర ఒక కొస కతల్బాస్ చేతికిచ్చింది. అతను పట్టుకున్నాడు. పాతికేళ్ళయినా ఆవిడ ఇచ్చింది పట్టుకోకుండా ఉండటం అతనికి రాలేదు.

అడ్డవాసం మీద పేము చుట్టి కాలు జారకుండా కట్టిన చోటు ఒకటుంది. మనిషి నిలబడేది అక్కడే. నడిమి నుంచి రెండున్నర మీటర్లు. ఆవిడ ఇంకా ముందుకు, రెక్క కొస దాకా పాకింది. అక్కడ వెదురు మీద తాడు ఒరిపిడి కొత్తగా, తెల్లగా కనిపించింది. మూడు మీటర్లు, సరిగ్గా. ఒరిపిడి పక్కన సున్నపు రంగు మీద అరచేతి మేర పచ్చటి మరక. నిమ్మకాయ రంగు కాదు, ఆకు రంగు కాదు. వాన కింద పాతికేళ్ళు వేలాడిన కంచుకి పట్టే చిలుము.

"రూయెల్, గంట చట్రం దగ్గర ఇలాంటి పచ్చదనమే చూశావా?"

కతల్బాస్ వంగి చూశాడు. వాసన చూశాడు. అతని మీసం కింద నవ్వు మొలిచింది. "మానోంగ్ కులాస్, లేవండి."

"ఉండు," అంది రెమెడియోస్. "ముందు ఆయన్ని చెప్పనీ. మానోంగ్, తెరచాప మడతలో గంట చుట్టి ఇద్దరు భుజాల మీద వేసుకొస్తే ఎవరికీ అనుమానం రాదు. పందెం రోజు అందరూ తెరచాపలు మోస్తూనే ఉంటారు. రెక్క చివర కింద కట్టారు. నేను అడిగేది ఒకటే. రెండోవాణ్ణి కూడా ఊరికే రెక్క మీద నిలబెట్టి ఉంటే బాసింగ్ చెల్లెలికి దయ్యం కనపడేది కాదు. ఎందుకు నిలబెట్టలేదు?"

కులాస్ తాడు పక్కన పెట్టాడు. అబద్ధం ఆడుతున్నంతసేపూ వంగి ఉన్న నడుము నిటారైంది.

"గంట కట్టాక ఒక్కడు చాలే గాలికి ఇద్దర్ని నిలబెడితే గాలివైపు రెక్క నీళ్ళు కొడుతుంది మామ్. పడవ చెడుతుంది. దొంగతనం వేరు, పడవ నడపడం వేరు. నా పడవ వంకరగా పోతుంటే ఊరంతా చూడాలా?"

కతల్బాస్‌కి కూడా ఆ మాట న్యాయంగానే తోచినట్టుంది. వెంటనే సర్దుకున్నాడు. "గంటెక్కడ?"

"ఆయన చెప్పక్కర్లేదు," అంది రెమెడియోస్. "తిరుగుదారిలో గాలి కుడివైపు నుంచి. అప్పటికీ గంట ఎడమ రెక్కకే ఉంటే, అది గాలితో కలిసి పడవను అటే లాగుతుంది. ఆపడానికి కుడిరెక్క మీద ముగ్గురు నిలబడ్డా చాలరు. నిలబడింది ఇద్దరు. అంటే మలుపు తిరిగేసరికి గంట లేదు. ఎర్ర తెప్ప లంగరుతాడుకి కట్టి నీళ్ళలో దించేశారు. అవునా మానోంగ్?"

"నాలుగు బారల లోతున ఉంది," అన్నాడు కులాస్. "గీత కూడా పడలేదు. దించేముందు గోనె చుట్టాను."

ఓటోయ్ ఉల్లిపాయ కత్తి పెట్టేసి లేచి, చిన్న పడవని నీళ్ళలోకి తోయబోయాడు. కతల్బాస్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వాగు. మామ్, ఇక్కడినుంచి నాకొదిలేయండి. లెక్క తేలిపోయింది. అరవై కిలోల గంట, అరవై కిలోల మనిషి. మనిషి చోట గంట కూర్చుంది. మిగిలినవాడు రెక్క మీద నిలబడ్డాడు. నిలబడింది ఈ ఓటోయ్. ఫెల్మార్ తాళంచెవి ఇచ్చాడు, వీళ్ళు మోశారు. ఇప్పుడు లాకప్పులో నలుగురు."

"బరువు రాశావు, దూరం వదిలేశావు. రెండుసార్లూ నీకు మార్కులు పోయింది అక్కడే."

"అరమీటరు తేడాకి ఏమొస్తుంది మామ్?"

"ఒక దొంగ వస్తాడు."

రెమెడియోస్ గొడుగు కొసతో ఇసకలో అడ్డగీత గీసింది. పిల్లలూ, వంటవాళ్ళూ, పంది తిప్పేవాళ్ళూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవడో ఆకులో చుట్టిన జిగురన్నం ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ అది తింటూనే చెప్పింది.

"తలుపుని బందు దగ్గర తోసి చూడు, కదలదు. అంచు దగ్గర చిన్నపిల్ల తోసినా తెరుచుకుంటుంది. బలం ఒక్కటే చాలదు, అది ఎంత దూరాన పనిచేస్తుందో దాంతో గుణించాలి. అప్పుడు వచ్చేదే భ్రామకం. తిప్పే శక్తి అనుకో. మిగతా పడవల మీద ఇద్దరు మనుషులు, మనిషికి అరవై కిలోలు, రెండున్నర మీటర్ల దగ్గర. నూట ఇరవైని రెండున్నరతో గుణించు."

"మూడువందలు," అన్నాడు కతల్బాస్, క్లాసులో లాగా.

"నిన్నటి గాలి అడిగింది మూడువందలు. ఇప్పుడు గంట. అరవై కిలోలే, కానీ మనిషి చోట లేదు. మరక ఎక్కడుంది?"

"మూడు మీటర్ల దగ్గర. నూట ఎనభై."

"మిగిలింది?"

"నూట ఇరవై."

"పేముకట్టు దగ్గర నిలబడ్డ మనిషి అది ఇవ్వాలి. రెండున్నరతో భాగించు."

కతల్బాస్ పెదవులు కదిలాయి. వేళ్ళు కదిలాయి. "నలభై... ఎనిమిది."

"ఓటోయ్, చేపల తూకం ఎక్కు నాయనా."

ఒడ్డున చేపల బుట్టలు తూచే పెద్ద తూకం ఉంది. ఓటోయ్ ఎక్కాడు. అరవై రెండు. బెర్తో ఎక్కాడు. అరవై అయిదు, చేతిలో ఉల్లిపాయలు తీసేస్తే అరవై నాలుగు. జనం చప్పట్లు కొట్టారు. బెర్తో పెళ్ళాం అతని పొట్ట గురించి ఏదో అంది, మళ్ళీ చప్పట్లు.

"వీళ్ళలో ఎవరు నిలబడ్డా గాలివైపు రెక్క మునిగేది. అందుకే తేలికమనిషిని నిలబెట్టారు," అంది రెమెడియోస్.

"మనిషి ఒక అడుగు లోపలికి జరిగి నిలబడి ఉండొచ్చు," అన్నాడు కతల్బాస్. మొదటిసారి తెలివైన ప్రశ్న వేసినందుకు ఆవిడ అతని వంక మెచ్చుకోలుగా చూసింది.

"ఉండొచ్చు. అందుకే తిరుగుదారి చూడాలి. గంట పోయాక మూడువందలూ ఇద్దరు మనుషులే ఇవ్వాలి. మామూలు మనుషులైతే ఇద్దరూ పేముకట్టు దగ్గర నిలబడితే సరిపోతుంది. కానీ చిన్నవాడు రెక్క అంచు దాటి, తాడు పట్టుకుని బయటికి వేలాడాడు. పెద్దవాడిది నూటయాభై. మిగిలిన నూటయాభై ఇవ్వాలంటే నలభై ఎనిమిది కిలోల మనిషి మూడు మీటర్లు దాటి పోవాల్సిందే. వేలాడింది దయ్యం తరిమి కాదు, బరువు చాలక. మానోంగ్ కులాస్, టోపీ పెట్టుకుని ముఖానికి గుడ్డ కట్టుకుని బెర్తో పేరు మీద ఎక్కింది ఎవరు?"

కులాస్ సముద్రం వంక చూశాడు. బెర్తో ఉల్లిపాయల వంక చూశాడు.

అప్పుడు జనం వెనకనుంచి ఎవరో తోసుకుంటూ వచ్చారు. తల నిండా జుట్టుచుట్టలు, ఒక చెంపకి పౌడరు, రెండో చెంపకి ఇంకా లేదు. జోవెలిన్. పెళ్ళిబట్టలు కట్టుకోలేదు, పాత పొట్టిలాగు మీదే ఉంది. అరచేతుల్లో తాడు కోసిన ఎర్రగీతలు ఉన్నాయి. ఎవరి వంకా చూడకుండా నేరుగా తూకం ఎక్కి నిలబడింది.

ముల్లు ఊగింది, నిలిచింది. కతల్బాస్ వంగి చదివాడు. మళ్ళీ చదివాడు.

"నలభై ఎనిమిది."

జనంలో గుసగుస లేచి అణిగింది. పంది తిప్పేవాడు తిప్పడం ఆపి చూస్తున్నాడు. గడియారంలో రెండూ పది. రెమెడియోస్ ఓటోయ్‌కి కళ్ళతోనే చెప్పింది. అతను చిన్నపడవ తోసుకుని ఎర్ర తెప్ప వైపు పోయాడు. ఈసారి ఎవరూ ఆపలేదు.

"ఇందాయ్, అమ్మాయీ," అన్నాడు కతల్బాస్, టోపీ తీసి నుదురు తుడుచుకుంటూ. "మేకునుంచి తాళంచెవి తీసింది నువ్వు. తాళం పగలగొట్టకుండా తీసింది నువ్వు. తాళంచెవి ఫెల్మార్ దగ్గరుందని నాకు చెప్పిందీ నువ్వే, నిన్న పన్నెండున్నరకి, నా బల్ల ముందు కూర్చుని. నీకు కాబోయే మొగుణ్ణి నువ్వే నా చేత లోపల వేయించావా? పెళ్ళి ముందురోజు?"

జోవెలిన్ తూకం దిగింది. ఊడిపోతున్న జుట్టుచుట్ట ఒకటి బిగించుకుంది.

"ఈ ఊళ్ళో ఏజెన్సీ ఫోను అందని చోటు మీ లాకప్పు ఒక్కటే సార్."